ఎనిమిదో మూడు

ఆ రోజుల్లో మా వైపు పార్టీ లేని మనిషి అంటే చొక్కా లేని మనిషి కింద లెక్క. సంబంధం మాట్లాడడానికి ఎవరింటికైనా పోతే పిల్ల ఏం చదివింది, పిల్లవాడికి ఉద్యోగం ఏమిటి అనేవి తరువాతి సంగతులు. ముందు మంచం మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, "ఇంతకీ మీరు ఏ పార్టీ అప్పా?" అని అడిగేవాళ్ళు. జమ్మలమడుగులో మా వీధి చివర రెండు టీ అంగళ్ళు ఎదురెదురుగా ఉండేవి. ఒకదాంట్లో తాగేవాడు రెండోదాంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. (రెండు అంగళ్ళకూ పాలు వచ్చేది ఒకే ఎనుము నుంచి అని ఊరందరికీ తెలుసు. ఆ ఎనుము ఏ పార్టీ అని మాత్రం ఎవరూ అడగలేదు.) బాంబులు, జీపులు, బందులు అని పేపర్లలో చదివినవాళ్ళకు మా ఊళ్ళు ఎట్లా కనిపించేవో నాకు తెలుసు. అందులో అబద్ధమేమీ లేదు, ఏడ్చిన ఇళ్ళు నేనూ చూశాను. కానీ ఆ గొడవల మధ్యనే మేము చదువుకున్నాం, పరీక్షలు రాశాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం. నా పెళ్ళి అయితే ఒక పెద్ద సంఖ్య మూలాన చెడిపోయి, ఆ సంఖ్య మూలానే మళ్ళీ కుదిరింది. ఆ సంగతే ఇది.

మా ముత్తాతల కాలంలో దొరల మిషన్ వచ్చినప్పుడు క్రీస్తును నమ్ముకున్న కుటుంబం మాది. నాకు ఊహ తెలియకముందే నాయన పోయాడు. అమ్మ చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. నన్ను పెంచి పెద్ద చేసింది మాత్రం మా మేనమామ. లోకమంతా ఆయనను జీపు మామ అనేది. ఒక నాయకుడి వెనక తిరిగే జీపుల్లో ఒకటి ఆయనది. మనిషి చూడడానికి తుమ్మమొద్దులా ఉండేవాడు గానీ నాకు జ్వరం వస్తే పక్కన కూర్చొని ఏడ్చేవాడు. చదివింది అయిదో తరగతి. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ పాసైన రోజున నడివీధిలో జీపు ఆపి, హారను మీద చెయ్యి తీయకుండా ఊరందరినీ బయటికి పిలిచాడు. "ఎమ్మెస్సీ అంటే ఎంతవరకు లెక్కపెడతాడు మామా?" అని ఎవరో అడిగితే, "ఎంతవరకేంది? ఆపేవోడు ఉండల్ల గానీ పోతానే ఉంటాడు!" అన్నాడు. నన్ను గురించి అంత గొప్పగా ఆ తరువాత ఎవరూ చెప్పలేదు.

పొద్దుటూరులో ఒక ట్యుటోరియల్‌లో నాకు పని దొరికింది. బట్టల అంగడి మీద ఒక గదిలో ఉండేవాణ్ణి. ఒకనాడు క్లాసులో ప్రధాన సంఖ్యలు చెబుతున్నాను. ప్రధాన సంఖ్యలంటే ఒకటికీ తమకూ తప్ప వేరే ఎవరికీ లొంగని మొండిఘటాలు. దేనితో భాగించినా ఎంతోకొంత శేషం మిగిల్చి చేతిలో పెడతాయి. బోర్డు మీద 31 రాశాను, అది ప్రధాన సంఖ్యే. ముందర ఇంకో మూడు చేర్చి 331 చేశాను, అదీ ప్రధాన సంఖ్యే. 3331 కూడా అంతే. గదికి పోయి 33331 చూశాను. లొంగలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎన్ని మూడ్లయినా వరసగా పెట్టి, చివర ఒక ఒకటి తగిలిస్తే వచ్చే సంఖ్య ఎప్పటికీ ఎవరికీ తెగదు అనే మహా సిద్ధాంతం పొద్దుటూరు బట్టల అంగడి మీద పుట్టిందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

నమ్మకం ఉంటే చాలదు, చూసుకోవాలి కదా. ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూడాలి. మూడు చేరేకొద్దీ ఆ పని పెరుగుతుంది. ఏడు మూడ్లున్న 33333331కి వచ్చేసరికి ఏడువందల పైచిలుకు భాగహారాలు చేయవలసి వచ్చింది. అప్పుడు కాలిక్యులేటరు కొనే స్తోమత లేదు, అంత ఓపిక మాత్రం ఉంది. బందుల పుణ్యమా అని తీరికకూ కొదవ లేదు. ఎవరినో అరెస్టు చేశారని ఊరు మూతబడితే నేను వెయ్యి దాటేవాణ్ణి. దానికి నిరసనగా అవతలి పార్టీ ఇంకో బందు చేస్తే రెండువేలు దాటేవాణ్ణి. అంగళ్ళ షట్టర్లు దించిన చప్పుడు వింటే జనం భయపడేవాళ్ళు, నేను పెన్సిలు చెక్కుకునేవాణ్ణి. మామ అట్లాంటి బందు రోజునే ఒకసారి వచ్చి, "ఏందిరా అల్లుడా, బందునాడు గూడా రాసుకుంటాండావు? పరీచ్చ నీదా, పిల్లోళ్ళదా?" అని విస్తుపోయాడు. నేను సిద్ధాంతమంతా వివరించాను. ఆయనకు అర్థమయింది ఒకటే: మా అల్లుడు ఒక సంఖ్యను పట్టాడు, దాన్ని ఎవరూ తెంపలేరు.

ఏడో సంఖ్య కూడా నిలబడింది. ఇక ఎనిమిది మూడ్లది, 333333331. దానికి రెండువేల పైన భాగహారాలు చేయాలి. పెన్సిలు తీశాను గానీ, నిజం చెప్పాలంటే చెయ్యి లేవలేదు. అప్పుడు మామ ఒక మాటన్నాడు: "ఏడుతూర్లు నిలబడి ఏడుతూర్లూ గెల్చినోడు ఎనిమిదోతూరి ఓడిపోతాడా? ఎదుటోనికి డిపాజిట్టు గూడా దక్కదు!" ఎన్నికల విషయంలో ఆ వాదన ఎంత నిజమో నాకు తెలియదు. లెక్కల్లో అది వాదనే కాదు. అయినా ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ మాట ఎంతో సబబుగా తోచింది. ఏడో సంఖ్యను ఏడువందల సార్లు అనుమానించినవాణ్ణి ఎనిమిదోదాన్ని ఒక్కసారీ అనుమానించలేదు.

మామ ఊరుకున్నాడా? మరుసటి వారానికల్లా జీపు వెనకభాగాన, నాయకుడి పేరు కింద, ఎర్రరంగుతో 333333331 అని జానెడేసి అంకెలు రాయించాడు. రాసిన పెయింటరు సంఖ్యను చదువుకొని, "ముప్పైమూడు కోట్లంటే దేవతల లెక్క మామా" అని రెండు చేతులూ జోడించాడట. కొందరు దాన్ని లాటరీ నంబరనుకొని చేతుల మీద రాసుకున్నారు. ఒకసారి పోలీసులు జీపు ఆపి ఇదేమి కోడు అని నిలదీస్తే, "దీన్ని ఎవురూ తెంపలేరు సార్" అని మామ గర్వంగా చెప్పాడట. దాంతో వాళ్ళకు అనుమానం ఇంకా ముదిరి, సీట్ల కింద కూడా వెతికారు.

అట్లాంటి రోజుల్లో నాకు పులివెందుల సంబంధం వచ్చింది. తెచ్చింది పొద్దుటూరు చర్చి పాస్టరు. ఆయనను మేమందరం అయ్యగారూ అనేవాళ్ళం. అమ్మాయి బీఎస్సీ లెక్కలు చదివి, చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. తండ్రి హెడ్మాస్టరు, సాధు మనిషి. చిక్కల్లా ఆమె పెదనాయనతో వచ్చింది. పెద్ద మీసాలాయన, మామకు ఎదురు పార్టీ. "ఆ మీసాలోని ఇంటికి నేను రావల్లనా?" అని మామ చాలా గునిశాడు. అమ్మ పోరు పడలేక చివరికి ఒప్పుకున్నాడు గానీ, జీపును మాత్రం సరిగ్గా వాళ్ళ కిటికీ ఎదురుగా, వెనకభాగం ఇంటివైపు తిరిగేటట్టు నిలబెట్టాడు.

మా ఆచారం ప్రకారం ముందు ప్రార్థన చేశాం. అయ్యగారి ప్రార్థన గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. అది ఆదాము దగ్గర మొదలై, మోషే, దావీదుల మీదుగా నడిచి, జిల్లాలో వానలు, వేరుశనగ పంట, నాయకులకు మంచి బుద్ధి, రోగులకు స్వస్థత అన్నీ చూసుకొని గానీ ఆమెన్‌కు చేరదు. మేమంతా కళ్ళు మూసుకొని కూర్చున్నాం. లోపలి గదిలో కిటికీ పక్కన ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఆమెన్ అన్నాక ఆమెను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను నేల చూపులు చూస్తున్నాను. మామ కారాబూందీ ప్లేటు చేతిలోకి తీసుకొని, మా వంశం గొప్పతనం ఎత్తుకున్నాడు. వంశంలో చెప్పుకోవడానికి నేనొక్కణ్ణే కాబట్టి తొందరగానే సంఖ్య దగ్గరికి వచ్చేశాడు.

"మూడ్లు ఎన్నన్నా పెట్టు, కడాన ఒకటి పెట్టు. ఎవురూ తెంపలేరు. మావోడు కనిపెట్టినాడు. అద్దో, జీపు మింద రాసిండాది చూడు. ఏమ్మా, నువ్వు గూడా లెక్కలే గదా, చెప్పు. దాన్ని తెంపే మొగోడుండాడా?"

ఆమె తండ్రి ముఖం చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపాడు. అప్పుడు ఆమె నావైపు తిరిగి, బడిలో పిల్లవాడి తప్పు దిద్దేటప్పుడు వాడు నొచ్చుకోకూడదని అంటామే, అంత మెల్లగా అంది: "అది పదిహేడుకు పోతాది సార్."

జీవితంలో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"ఏందమ్మా పోయేది?" అన్నాడు మామ.

"ప్రార్థనప్పుడు కిటికీలోంచి జీపు మింద చూసినా. మొదటి ఆరు మూడ్లు ఏడుకూ పోతాయి, పదకొండుకూ పోతాయి, పదమూడుకూ పోతాయి. కడాన మిగిలే మూడునూర్ల ముప్పైయొకటి ఆ మూడింట్లో దేనికీ పోదు. కాబట్టి వాటికి తెగదని తెలిసిపాయ. అందుకని పదిహేడు చూసినా. కోటీ తొంబైయారు లక్షల ఏడువేల ఎనిమిదినూర్ల నలభైమూడు తూర్లు పోతాది. ఏమీ మిగల్లేదు."

మామకు లెక్క అర్థం కాలేదు గానీ ఏదో జరగరానిది జరిగిందని మాత్రం అర్థమయింది. పెదనాయనకు కూడా లెక్క అర్థం కాలేదు గానీ ఏదో మంచి జరిగిందని అర్థమయింది. మీసం మీద చెయ్యి వేశాడు. "ఇన్నారు గదా! జమ్మలమడుగోళ్ళ లెక్క మా పాప తెంపేసింది."

"అంటే మావోని లెక్క తప్పంటావు!"

"తప్పంటిమా? తెగిందంటాండాం."

"రెండూ ఒకటే గదప్పా!" అని మామ కారాబూందీ ప్లేటు అట్లాగే కింద పెట్టి లేచాడు. మామ లేస్తే మా వైపువాళ్ళంతా లేచారు. మేము లేచామని వాళ్ళూ లేచారు. అయ్యగారు రెండు వైపులా చేతులు చాచి, "కూచోండప్పా, కూచోండి" అంటున్నారు గానీ అప్పటికే జీపు స్టార్టయింది. ఎక్కబోతూ వెనక్కి చూశాను. ఆమె గుమ్మంలో నోటిమీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు ఎట్లాగో అయింది.

దారిలో బాల్‌పెన్ను తీసి అరచేతిలో భాగించాను. ముప్పైమూడులో ఒకసారి పోయి పదహారు మిగిలింది. నూట అరవైమూడులో తొమ్మిదిసార్లు పోయింది. అట్లా మణికట్టు దాకా దిగాను. ఆఖరికి శేషం సున్నా వేస్తూండగా జీపు గుంతలో పడి, ఆ సున్నా మోచేతి దాకా సాగింది. నా మహా సిద్ధాంతం అక్కడితో చచ్చింది. అదీ ఏదో మహా ప్రధాన సంఖ్య చేతిలో కాదు, పదిహేడు చేతిలో, బడి పిల్లవాడు కూడా చూడగలిగిన చోట. నాకు ఏడుపు వచ్చింది. కానీ ఆ ఏడుపులోనే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇన్ని బందులు కూర్చొని నేను కట్టుకున్నదాన్ని ఒక్క ప్రార్థన అయ్యేలోగా చూసేసిన మనిషిని తప్ప నేను వేరే ఎవరినీ చేసుకోలేను. ఆ పిల్ల పక్కన కూర్చొని బతుకంతా లెక్కలు చేసుకోవాలని ఉంది. అంత గట్టిగా నేను అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

ముద్దనూరు దాటాక మామ అడిగాడు. "నిజం చెప్పు అల్లుడా. పోతాదా?"

"పోతాది మామా."

ఆయన జీపు వేగం తగ్గించాడు. తరువాత, "సరే. నాతో అంటివి. ఇంగెవురితోనూ అనగాకు. జీపు మీద రాసుకోని మూడు ఊర్లు తిరిగినా. తప్పని నీ నోటితో ఒప్పుకుంటివా, నేను మీసాలోని ముందర తల ఎత్తలేను" అన్నాడు. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి తల దించే మాట నేను ఎట్లా అనగలను? అనకపోతే ఆ పిల్ల ఇంటి గడప మళ్ళీ ఎట్లా తొక్కగలను? ఆ జీపులో నా పరిస్థితి రెండు టీ అంగళ్ళ మధ్య నిలబడిన ఎనుము పరిస్థితి.

ఆ తరువాత జరిగింది లెక్కల చరిత్రలో ఎక్కడా జరిగి ఉండదు. పెదనాయన పులివెందులలో చెప్పాడు, అక్కడి నుంచి ఆ వార్త బస్సెక్కి మా ఊరికి వచ్చింది. ఒక టీ అంగట్లో "పోతాది" అనేవాళ్ళు, ఎదుటి అంగట్లో "పోదు" అనేవాళ్ళు. "మావోళ్ళు పది తూర్లు భాగించినారు, ఒకటి మిగిలింది" అని ఒకడంటే, "ఆ మిగిలిండేది యాడుండాదో సూపీరా" అని ఇంకొకడు. వీళ్ళల్లో సగం మందికి రెండంకెల భాగహారం రాదు. మామ వెంట తిరిగే ఒక అమాయకుడు అంతా విని, "ఎవురు మామా ఈ పదిహేడు? ఏ ఊరోడు? మొన్నటిదాకా మనతోనే ఉన్న్యాడా?" అని అడిగాడు. ట్యుటోరియల్‌లో పిల్లలు కూడా రెండు వరసలుగా విడిపోయి, "సార్, పోతాదా పోదా?" అని నన్నే నిలదీశారు. "ఆ విషయం పరిశీలనలో ఉంది" అని మంత్రిగారిలా జవాబు చెప్పి తప్పించుకున్నాను.

చివరికి కదిలింది అమ్మ. "పదిమంది మొగోళ్ళ మద్దెన నిజం చెప్పింది. అట్లాంటి పిల్ల ఇంట్లో ఉంటే నాకు ధైర్యంరా" అని, నన్ను వెంటబెట్టుకొని అయ్యగారి దగ్గరికి వచ్చింది. ఆయన అంతా విన్నారు. "నాకు లెక్కలు రావు బిడ్డా, రాజీలు తెలుసు" అన్నారు. "రాజీలో ఎవురూ ఉత్తచేతులతో ఇంటికి పోకూడదు. పోయినోడు మళ్ళీ రాయి పట్టుకుంటాడు. ఆ పిల్లకు పదిహేడు ఉండాది. మీ మామ చేతిలో ఏం పెడదామా అని నా ఆలోచన."

మా వైపు రాజీ అంటే దానికొక పద్ధతి ఉంది. ఇటు ఎంతమంది కూర్చుంటే అటు అంతమందే కూర్చోవాలి, ఒకడు ఎక్కువైతే వాడు జీపులోనే ఉండాలి. టీ రెండు పార్టీలకూ చెందని అంగడి నుంచి రావాలి. ముగిశాక రెండు జీపులూ ఒకేసారి బయల్దేరాలి, ఎవరూ ఎవరికోసమూ కాచుకున్నట్టు కనిపించకూడదు. మనుషులు చచ్చిన తగాదాలకు పెట్టుకున్న పద్ధతి ఇది. దాన్ని ఈసారి ఒక సంఖ్య కోసం తు.చ. తప్పకుండా పాటించారు. పొద్దుటూరు చర్చి వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేశారు. ఆ అమ్మాయి తండ్రితో వచ్చి, ఆడవాళ్ళ వైపు అమ్మ పక్కన కూర్చుంది. మనిషి కొంచెం చిక్కినట్టు నాకు అనిపించింది.

"జీపు మింద మూడ్లన్నీ చెరపాల" అన్నాడు పెదనాయన.

"పదిహేడు మాట ఎనక్కి తీసుకోవాల" అన్నాడు మామ.

"అది దేవుడు పెట్టిన లెక్కప్పా. ఎనక్కి తీసుకోను ఆయమ్మదీ కాదు, నీదీ కాదు" అన్నారు అయ్యగారు. తరువాత ఆమెను పిలిచారు. "అమ్మా, నువ్వు చెప్పు. అంతా తెగిపాయనా, ఏమన్నా మిగిలిండాదా?"

ఆమె లేచి నిలబడింది. "ఎనిమిది మూడ్లుండేది తెగుతాది అయ్యగారూ. ఏడు మూడ్లుండేది తెగదు. నేను చూసినా."

ఏడు మూడ్లున్నదాన్ని 'చూడడం' అంటే ఏమిటో ఆ వరండాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఎవురికీ తెగదా?" అన్నారు అయ్యగారు.

"ఎవురికీ తెగదు."

"మీ పెదనాయనకు?"

"ఆయనకు గూడా తెగదు." ముందుగా నవ్వింది పెదనాయనే.

మామ ముందుకు వంగాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "అంటే మావోని ఏడూ నిలబడినట్టేనామ్మా?"

"ఏడూ నిలబడినట్టే మామా" అంది ఆమె.

మా జిల్లాలో దారిన పోయేవాణ్ణి కూడా మామా అంటాం. కానీ ఆ పిల్ల ఆ మాట అన్న తీరుకు జీపు మామ ముఖంలో జరిగింది చూడాలి. పై కండువాతో ముఖం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు. అయ్యగారు ఆలస్యం చేయకుండా లేచి తీర్పు చెప్పారు. ఏడు వరకు పిల్లోనిది, జీపు మీద ఉండొచ్చు. ఎనిమిదోది పిల్ల మాట, పోదని జమ్మలమడుగులో ఇక ఎవరూ అనగూడదు. "తొమ్మిది నుంచి పైకుండేటివి ఏ పార్టీవీ కావు. అవి పెండ్లయినాక వీండ్లిద్దరూ కూచోని చూసుకుంటారు" అన్నారు. లెక్కలు రాని ఆ మనిషి రాజీ కోసం చెప్పిన ఆ తీర్పు అక్షరాలా లెక్కప్రకారం సరైనదని ఆ రోజు ఎవరూ గమనించలేదు.

వెంటనే కిరసనాయిలు గుడ్డ తెప్పించి ఒక మూడును చెరపబోయారు. ఏ మూడు చెరపాలి అన్నదానిపై మళ్ళీ చిన్న గొడవ. ముందుదని మామ, నడిమిదని పెదనాయన. "ఏది చెరిపినా ఒకటే" అని నేను ఎంత చెప్పినా ఇద్దరూ నమ్మలేదు. ఎమ్మెస్సీ చదివి కూడా తెలివి రాలేదని ఇద్దరూ కలిసి నన్ను జాలిగా చూశారు. వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి సందర్భం అదే.

పెళ్ళయింది. తీర్పు ప్రకారం తొమ్మిది మూడ్లదాన్ని ఇద్దరం కూర్చొని చూశాం. చెరొక ప్రధాన సంఖ్య వంతులవారీగా వేసుకుంటూ పోతే, అది నా వంతులో 673కు తెగింది. ఆ కబురు ఏ పార్టీకీ చెప్పలేదు. మామ ఇప్పుడు లేడు, పెదనాయనా లేడు. ఆ పార్టీలే ఇప్పుడు ఎటుపోయి ఎటు కలిశాయో నాకు తెలియదు. కానీ ఆ రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది పెళ్ళి కాదు, తొమ్మిదోదీ కాదు. పెద్దవాళ్ళంతా కిరసనాయిలు గుడ్డ పట్టుకొని జీపు చుట్టూ వాదించుకుంటున్నప్పుడు, చర్చి మెట్ల మీద మా ఇద్దరికీ దొరికిన ఆ కాస్త సమయం.

"ఏడోది ఎందుకు చూశారు? దాన్ని కూడా తెంపుదామనా?" అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు సార్. మామ అట్ల అడిగితే నోరు తెరిస్తిని. మీ లెక్కంతా పాడుచేస్తినే అని శానా బాధయ్యింది. ఎనిమిదోది పోతే పోయింది, మీకు ఏమన్నా మిగుల్తాదేమోనని చూసినా. ఒక్కొక్కటీ పోకపోతే, అమ్మయ్య, ఇది గూడా పోలేదు అనుకుంటాంటి."

ఏడువందల భాగహారాలు. నేను గెలవాలని ఒక్కొక్కటీ చేశాను, ఆమె నాకు మిగలాలని ఒక్కొక్కటీ చేసింది. నన్ను అంతగా ప్రేమించిన మనిషి ఎదురుగా నిలబడి ఆ మాట చెబితే నేనేమన్నానో తెలుసా? గొంతు సవరించుకొని, "వర్గమూలం దాకా చూశారా?" అన్నాను.

"చూసినా సార్. 5749 కాడ నిలిపినా."

"ఆ పైన, వర్గమూలం లోపలే, 5773 కూడా ఉంది కదండీ?"

ఆమె నన్ను చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అది ఇరవైమూడుకు పోతాది సార్."

ఆ మెట్ల మీద ఇస్త్రీ చొక్కాతో, జేబులో పెన్సిలుతో నిలబడ్డ ఆ సన్నటి కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, "ఒరే నాయనా, ఆ పిల్ల నీకు ఏం చెప్పిందో విన్నావా?" అని అడగాలని ఉంటుంది. అడిగినా లాభం లేదు లెండి. వాడు చేతివేళ్ళ మీద ఇరవైమూడో ఎక్కం చూసుకుంటూ ఉంటాడు.